కిందికి పదకొండు, లోపలికి మూడు

అక్టోబరు 4. గాలి తూర్పు, మెల్లగా. అల మోకాలెత్తు.

ఉద్యోగం వచ్చింది. కొత్తలంక మీటల గదిలో సహాయకురాలిని. ఈ పుస్తకంలో గాలి, అల మాత్రమే రాయాలని మొదటి పేజీలో ఎవరో గట్టిగా రాసి పెట్టారు. నేను అంతకంటే కాస్త ఎక్కువే రాస్తాను. ఆనందం వచ్చినప్పుడు నోరు మూసుకోవడం నా వల్ల ఎప్పుడూ కాలేదు.

పొద్దున ఉప్పు పడవలో పడమటి లంక నుంచి వచ్చాను. కొత్తలంక అంటే తొమ్మిది పెద్ద తెప్పలు ఒకదానికొకటి కట్టి, అడుగునున్న లంగరులకి మోకులతో బిగించిన ఊరు. నూట నలభై గడపలు. నాకు తొమ్మిదో తెప్ప మీద గది ఇచ్చారు. నేను దిగుతుంటే అదే రేవులో ఒక పెద్దావిడ ఆసుపత్రి పడవ ఎక్కుతోంది. ఆవిడే వరహాలమ్మగారు. ముప్ఫై ఒక్క ఏళ్ళుగా మీటల గది ఆవిడదే. కళ్ళలో శుక్లాలు తీయించుకోవడానికి వెళుతోంది, పది రోజుల దాకా రాదు. నా వైపు కళ్ళు చికిలించి చూసి, "గాలీ అలలూ రాత్తా ఉండమ్మాయ్, ఒచ్చేత్తాను" అని మాత్రం అంది.

ఊరి పెద్ద చిట్టబ్బాయిగారు గది తలుపు తీసి చూపించారు. "పెద్దావిడకి చూపు తగ్గిపోయింది కదండీ, ఎక్కడివక్కడ ఒదిలేసేరు. ఆవిడొచ్చేలోపు కాత్త సర్దిపెట్టండి, సంతోషిత్తారు" అన్నారు.

మా అమ్మమ్మ చిన్నప్పుడు గోడతో చెబితే దీపం వెలిగేదట. గోడల్లోంచి జవాబిచ్చే ఆ గొంతులన్నీ ఒకే వారంలో మూగబోయాయి. మనకి మిగిలినవి మీటలు నొక్కే పాత కంప్యూటర్లు. ఈ ఊరికి ఉన్నది ఒక్కటే. మంచినీళ్ళు, పంపులు, తలుపులు, మోకులు, బడి గంట, అన్నీ దాని స్టార్ట్ మెనూలోంచే నడుస్తాయి. ఆ మెనూ తెరిచాను. నాకు ఒళ్ళు పులకరించింది.

అరవై మూడు ఫోల్డర్లు. పధ్నాలుగు వందల పన్నెండు షార్ట్‌కట్లు. ఒక ఫోల్డర్ పేరు "కొత్తది". దాని కింద "కొత్తది 2". దాని కింద "అసలు కొత్తది". మోకు వదిలే షార్ట్‌కట్లు తొమ్మిదీ తొమ్మిది ఫోల్డర్లలో ఉన్నాయి. "ముట్టుకోవద్దు" అనే ఫోల్డర్ భయపడుతూ తెరిస్తే అందులో బడి గంట ఉంది.

ఇంత అందమైన చిందరవందర నా జన్మలో చూడలేదు. రేపటి కోసం నిద్ర పట్టేలా లేదు.

అక్టోబరు 5. గాలి తూర్పు. అల మోకాలెత్తు.

మొదలుపెట్టాను. షార్ట్‌కట్ అంటే అసలు వస్తువు కాదు, దానికి దారి చూపించే బోర్డు మాత్రమే. బోర్డు పీకేస్తే ఇల్లు కూలిపోదు. ఈ సంగతి తెలిసినవాళ్ళకి చెయ్యి వణకదు. నాది వణకలేదు.

ఒక్కొక్కటీ నొక్కి చూశాను. మూడు వందల ఎనభై ఎనిమిది ఎక్కడికీ పోవు. నొక్కితే టింగుమని మోగి "దొరకలేదు" అంటాయి, అంతే. వాటిలో ఒకటి మరీ విచిత్రం. కిందికి పదకొండో ఫోల్డర్, లోపల మూడోది. పేరు "కనకరాజు". నొక్కితే, "పదో తెప్ప, పంపు గది, కనకరాజు: వెతుకుతున్నాను" అని తెర మీద రాసి, లోపల చక్రం గురగురలాడుతూ తిరుగుతూనే ఉంది. నేను ఇరవై ఏడు లెక్కపెట్టాక టింగుమంది. దొరకలేదట. ఎలా దొరుకుతుంది, ఈ ఊరికి ఉన్నవి తొమ్మిది తెప్పలే. నేను ఒక్కదాన్నే గదిలో పకపకా నవ్వాను.

మూడు వందల ఎనభై ఎనిమిదీ తీసేశాను. చెత్తబుట్టలో పడ్డాయి. చెత్తబుట్ట కూడా ఖాళీ చేశాను. ఇంట్లో చెత్తబుట్ట నిండుగా ఉంటే నాకు అన్నం సహించదు.

ఈ గది కిటికీకి బయట ఒక చెక్క మీద ఇంకో కీబోర్డు బిగించి ఉంది. మిషను ఆపి మళ్ళీ పెట్టేదాకా దానికి పాత మెనూనే. ఊళ్ళోవాళ్ళు నడుచుకుంటూ వచ్చి, తమకి కావలసింది నొక్కుకుని, ఆగకుండా వెళ్ళిపోతున్నారు. ఎంత వేగమో. కనీసం తల ఎత్తి తెర వైపు కూడా చూడరు.

అక్టోబరు 6. గాలి తూర్పు. అల రాయడం మర్చిపోయాను.

అయిపోయింది. సాయంత్రం నాలుగింటికి ఆఖరి షార్ట్‌కట్ దాని చోట్లో కూర్చుంది.

అరవై మూడు ఫోల్డర్లు పోయి ఏడు మిగిలాయి. నీళ్ళు, తలుపులు, దీపాలు, మోకులు, పంటతెప్ప, బడి, గాలి. ఒక్కో దాంట్లో అన్నీ అక్షర క్రమంలో. మోకులు ఒకటి నుంచి తొమ్మిది దాకా బడిపిల్లల వరసలా నిలబడ్డాయి. మెనూ తెరవడం, మూయడం, మళ్ళీ తెరవడం. అలా ఒక గంట చూసుకున్నాను. కాకి పిల్ల కాకికి ముద్దు అనుకోండి, కానీ ఇది నిజంగానే ముద్దుగా ఉంది.

కొత్త మెనూ అంతా పెద్ద అక్షరాలతో కాగితం మీద రాసి కిటికీ పక్కన అంటించి, రాత్రి అందరూ పడుకున్నాక మిషను ఆపి మళ్ళీ పెట్టాను. వరహాలమ్మగారు కొత్త కళ్ళతో వచ్చి దీన్ని చూసిన క్షణం నేను అక్కడ ఉండాలి.

అక్టోబరు 7. గాలి ఈశాన్యం. అల నడుమెత్తు.

తెల్లారి ఆరింటికి రెండో తెప్ప ఆదిలక్ష్మిగారు మంచినీళ్ళ కోసం వచ్చి కిటికీ దగ్గర నొక్కారు. ఐదో తెప్ప మీద చేపలు ఆరబెట్టే పంకాలు పూర్తి వేగంతో తిరిగాయి. బుట్టెడు మెత్తళ్ళు గాల్లోకి లేచి నాలుగో తెప్ప వాళ్ళ ఉతికిన బట్టల మీద పడ్డాయి. ఆరున్నరకి గంటయ్యగారు బాతుల దొడ్డి తలుపు తీద్దామని నొక్కితే బడి గంట మోగింది. సగం మంది పిల్లలు అన్నం తినకుండా బడికి పరిగెత్తారు. ఏడు గంటలకల్లా కిటికీ ముందు జాతర.

"కాగితం అంటించాను కదండీ, చూసి నొక్కాలి" అన్నాను నేను.

"చూసి నొక్కడవేంటమ్మా?" అన్నారు ఆదిలక్ష్మిగారు. "మా నీళ్ళు కిందికి ఏడు, లోపలికి రెండు. మా అత్తగారు నేర్పేరు. ఆవిడకి ఆళ్ళత్తగారు నేర్పేరు. ఇంట్లో కోడలు కాలెడితే ముందు చెప్పేది అదే."

"తెర మీద పేరు ఉంటుంది కదా."

"ఏ తెరండీ?"

బయటికి వెళ్ళి ఆవిడ పక్కన నిలబడ్డాను. కిటికీలోంచి కనిపిస్తున్నది తెర వీపు. నాలుగు వైర్లు, ఒక బల్లి. మూడు రోజులుగా వీళ్ళు తల ఎందుకు ఎత్తడంలేదో ఒక్కసారైనా ఇటొచ్చి చూడాలని నాకు తోచలేదు. కొత్త బిచ్చగాడు పొద్దెరగడంటే ఇదే. ఈ ఊళ్ళో పేరు చదివేదాన్ని నేనొక్కదాన్నే. మిగతా నూట నలభై గడపలూ లెక్క మీద బతుకుతున్నాయి.

అప్పటికే సిగ్గుతో చచ్చిపోతున్నాను. అంతలో చిట్టబ్బాయిగారు వచ్చి జనాన్ని పంపేసి, తలుపు దగ్గరగా వేసి కూర్చున్నారు. ఆయన నన్ను తిట్టలేదు. తిడితే బావుండేది.

"రేడియోలో చెప్పేరండి. పదమూడో తారీకుకి గాలివాన మన మీదకే వస్తాదంట. అప్పుడు కరెంటంతా మోకు మిషన్లకే పోతాది, తెరకి ఇవ్వవండి. తెర ఆపేసి, ఒట్టి మీటల మీద మోకులు ఒదలాలి. ఒకదాని తరవాత ఒకటి, వరస తప్పకుండా. మోకు ఒదిల్తేనే తెప్ప అలతో పాటు లేచేది. లేదంటే అల తెప్ప మీద నుంచి పోతాది."

"ఆ వరస ఎవరికి తెలుసండీ?"

"వరహాలమ్మగారి చేతి ఏళ్ళకి తెలుసండి" అన్నారు. "పాత మెనూ మీద తెలుసు."

చేతులు కాలాయి. ఆకులు ఉన్నాయో లేవో చూడటానికి చెత్తబుట్ట తెరిచాను. దాన్ని ఖాళీ చేసిన మహానుభావురాలిని నేనే.

అక్టోబరు 9. గాలి ఈశాన్యం. అల నడుమెత్తు.

నిన్న ఏమీ రాయలేదు. తిన్నది కూడా గుర్తులేదు. కానీ ఇప్పుడు రాయకుండా ఉండలేను, ఎందుకంటే పాత మెనూ తిరిగి వస్తోంది.

నిన్న పొద్దున ఇంటింటికీ తిరిగి అడిగాను. మీ లెక్క చెప్పండి, రాసుకుంటాను అని. నోటితో అడిగితే సగం మందికి రాలేదు. ఆదిలక్ష్మిగారు కూడా, నీళ్ళ లెక్క చెప్పి పంటతెప్ప పంపు లెక్క దగ్గర ఆగిపోయారు. "ఏళ్ళకి తెలుసమ్మా, నోటికి తెలీదు" అన్నారు. అయితే నొక్కి చూపించండి అన్నాను. కిటికీ బయట కీబోర్డు వైరు పీకేసి పెట్టాను. ఒక్కొక్కరూ వచ్చి గాల్లో వంట చేసినట్టు నొక్కి చూపిస్తుంటే నేను రాసుకున్నాను. నూట నలభై గడపలూ వరసలో నిలబడ్డాయి. మెత్తళ్ళు పోగొట్టుకున్న ఆవిడ కూడా వచ్చింది, నన్ను చూడకుండా నొక్కి వెళ్ళింది.

మధ్యాహ్నానికి ఒక సంగతి తెలిసి కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. వాళ్ళ లెక్కలన్నీ ఒకదానితో ఒకటి కలవాలంటే మధ్యలో ఖాళీలు కావాలి. నేను తీసేసిన ఆ చచ్చిన షార్ట్‌కట్లే ఆ ఖాళీలు. నీళ్ళు కిందికి ఏడు అవ్వాలంటే పైన ఆరు ఉండాలి కదా, వాటిలో రెండు పనికిరానివైనా సరే. పని ఆగిపోయినా వాటిని ఎవరూ తీసెయ్యలేదు, తీస్తే కిందవాళ్ళ లెక్క పైకి జరుగుతుంది. అరవై ఏళ్ళుగా ఈ ఊరు అలా చోటు కాపలా కాస్తోంది. నేను చిందరవందర అనుకున్నది ఊరంతా కలిసి సర్దిన వరస.

ఈ సాయంత్రానికి వెయ్యి ఇరవై నాలుగు షార్ట్‌కట్లు పాత చోట్లలో కూర్చున్నాయి. మధ్య మధ్యలో మూడు వందల ఎనభై ఎనిమిది ఉత్తవి పెట్టాను. ఆదిలక్ష్మిగారు వచ్చి నొక్కి, కుళాయి శబ్దం విని, ఇంటికెళ్ళి నాకు ఒక గిన్నెడు పులుసు పంపారు. ఏడ్చినంత పని చేశాను.

మోకులు ఏ ఫోల్డర్లలో ఉండేవో మొదటి రోజు రాసుకున్న చీటీ ఉంది. వదిలే వరస మాత్రం ఎవరికీ తెలియదు.

అక్టోబరు 10. గాలి ఈశాన్యం, గట్టిగా. అల ఛాతీ ఎత్తు.

వరహాలమ్మగారు వచ్చేశారు. గాలివాన కబురు విని, డాక్టర్లు వద్దంటున్నా వినకుండా ఆఖరి పడవ పట్టుకున్నారట. కుడి కంటికి కట్టు, ఎడమ కంటికి ఇంకా శుక్లం. నేరుగా మీటల గదికొచ్చి నా ఎదురుగా కూర్చున్నారు. ఊళ్ళో అందరూ అన్నీ చెప్పేసినట్టున్నారు.

"సర్దేవంట" అన్నారు.

"తప్పయిపోయిందండి మామ్మగారూ."

"నేనూ ఒచ్చిన కొత్తలో సర్దబోయేను. మా ఇంటాయన చెయ్యి పట్టుకుని ఆపేరు. నీకెవరూ లేకపోయేరు. ఏదీ, కీబోర్డియ్యి."

వరస చెప్పమంటే ఆవిడకీ నోటికి రాలేదు. వైరు పీకిన కీబోర్డు ఒళ్ళో పెట్టుకుని, కళ్ళు మూసుకుని మొదలుపెట్టారు. నేను పక్కన కూర్చుని రాశాను. ఆ వేళ్ళు చూడాలి. ఒకటో మోకు, నాలుగు, రెండు, ఏడు. ఎక్కడా తడుముకోలేదు. ఎనిమిదో మోకు నొక్కాక, కిందికి పదకొండు, లోపలికి మూడు, ఎంటర్. అక్కడ చెయ్యి గాల్లో ఆగింది. చాలాసేపు ఆగింది. తరవాత ఇంకో ఎంటర్. అప్పుడు తొమ్మిదో మోకు.

"మామ్మగారూ, ఆ పదకొండు మూడు ఖాళీదండి. అక్కడ మోకు లేదు."

"నొక్కాలి. టింగున మోగేదాకా ఆగాలి. అప్పుడు తొమ్మిది."

"ఎందుకండీ?"

"ఎనిమిదీ తొమ్మిదీ ఒకే కప్పీ మీంచి పోతాయి. ఎనిమిది పూర్తిగా జారకుండా తొమ్మిది ఒదిలేవనుకో, రెండూ ఆ కప్పీలో బిగుసుకుంటాయి. తొమ్మిదో తెప్ప లేవదు. నీ గదున్నది దాని మీదే కదా. ఇంకో పదారు గడపలున్నాయి."

అక్టోబరు 11. గాలి ఈశాన్యం. అల తలెత్తు.

తెర కట్టేసి, మోకు మిషన్లు ఆపి, ఉత్తుత్తి సాధన చేశాం. నేను నొక్కాను. ఈసారి మీటల ముందు కూర్చునేది నేనే. గాలివానలో కుర్చీకి కట్టుకుని కూర్చోవాలి, ఆపరేషనైన కంటికి ఆ కుదుపు తగిలితే కన్నే పోతుందట. ఎనిమిది. పదకొండు, మూడు, ఎంటర్. వెంటనే టింగుమంది.

"బేగి మోగింది" అన్నారు వరహాలమ్మగారు.

మళ్ళీ నొక్కాను. మళ్ళీ వెంటనే. నేను పెట్టింది ఉత్తది. వెతకడానికి దానికి ఏమీ లేదు.

"ఫరవాలేదండి, నేను నోటితో ఇరవై ఏడు లెక్కపెడతాను."

"ఒక ఏడాది నేనూ అలాగే లెక్కెట్టేను. గాలివానలో మన గుండె పరిగెడతాదమ్మా, లెక్కా దాంతో పరిగెడతాది. నా ఇరవై ఏడు సగంలోనే అయిపోయింది. ఆ ఏడాది కప్పీ ఇరుక్కుంటే గొడ్డలితో మోకు నరికేరు. మిషను భయపడదు. అది ఎతికినంతసేపూ ఎతుకుద్ది."

ఆవిడ ముఖం చిన్నబోయింది. పాతదాని చిరునామా అక్షరాలా ఎలా రాసి ఉండేదో ఆవిడకి తెలియదు, చదవగలిగిన రోజుల్లో చదవలేదట. నాకూ గుర్తు రావడంలేదు. తొమ్మిదో తెప్ప మీద ఎవరెవరున్నారో ఒక్కొక్కరే కళ్ళ ముందుకొచ్చారు. అప్పుడు ఇరవై ఏడు అన్న లెక్క నా నోట్లోకి ఎలా వచ్చిందా అనిపించింది.

ఈ పుస్తకం. గాలి, అల మాత్రమే రాయాల్సిన పుస్తకం. అక్టోబరు 5 పేజీ తిప్పాను. "పదో తెప్ప, పంపు గది, కనకరాజు." అక్షరం పొల్లు పోకుండా రాసి, కింద నా నవ్వు కూడా రాసుకున్నాను. అప్పుడే ఆ చిరునామాతో కొత్త షార్ట్‌కట్ చేసి పదకొండు మూడులో కూర్చోబెట్టాను. నొక్కాను. లోపల చక్రం గురగురలాడింది. వరహాలమ్మగారు తల పక్కకి వంచి విన్నారు. ఇరవై ఐదు, ఇరవై ఆరు, ఇరవై ఏడు, టింగ్.

"అదీ" అన్నారు ఆవిడ. నేను గది చుట్టూ ఒకసారి గంతేసి వచ్చాను, ఆవిడకి కనపడదు కదా అని.

అక్టోబరు 13. గాలివాన.

ఇది సాయంత్రం రాస్తున్నాను.

మధ్యాహ్నం ఒంటిగంటకి తెర ఆపేశారు. నన్ను కుర్చీకి కట్టారు. వరహాలమ్మగారిని దిళ్ళ మధ్య మంచం మీద వెల్లకిలా పడుకోబెట్టారు. గోడలన్నీ ఊగుతున్నాయి, నేల కిందికీ పైకీ పోతోంది. చీకటి తెర ముందు వేళ్ళు పెట్టుకుని మొదలుపెట్టాను. ఒకటి వదిలాను. ఎక్కడో మోకు గర్రుమని జారింది, ఆ పక్క తెప్ప తేలికగా పైకి లేచింది. నాలుగు. రెండు. భయం ఎక్కడికి పోయిందో తెలియదు. నా వేలి కింద ఊరు ఒక్కో ముక్కా లేస్తోంది. నాకు అరవాలనిపించేంత సంతోషం వేసింది.

ఎనిమిది. తరవాత కిందికి పదకొండు, లోపలికి మూడు, ఎంటర్.

చక్రం తిరుగుతోంది. నేను నోట్లో లెక్కపెట్టాను, వద్దన్నా ఆగదు కదా. నా ఇరవై ఏడు అయిపోయింది. టింగ్ లేదు. ఎనిమిదో మోకు కప్పీ మీద ఇంకా కీచుమంటూ జారుతూనే ఉంది, నా చెవులతో విన్నాను. వేలు తొమ్మిదో మోకు వైపు లాగుతోంది. తొమ్మిదో తెప్ప అంచు మీద అల విరుచుకుపడిన చప్పుడు వినిపించింది, మనుషులు కేకలు వేశారు. మిషను మాత్రం తొణకకుండా వెతుకుతోంది. నేను రెండోసారి లెక్క మొదలుపెట్టి పన్నెండు దాకా వెళ్ళాను. ధబ్బుమని ఎనిమిదో మోకు కొసకి చేరిన చప్పుడు. వెంటనే టింగ్.

ఎంటర్. తొమ్మిది. ఎంటర్.

తొమ్మిదో తెప్ప లేచింది. పదిహేడు గడపలూ లేచాయి, నా గదితో సహా.

అక్టోబరు 14. గాలి పడమర, మెల్లగా. అల మోకాలెత్తు.

ఎవరికీ ఏమీ కాలేదు. మూడు బాతులు కనబడటంలేదని గంటయ్యగారు అంటున్నారు.

వరహాలమ్మగారికి టీ పట్టుకెళ్ళాను. చెప్పకుండా ఉండలేకపోయాను.

"మామ్మగారూ, మొదటి రోజు ఆ కనకరాజు షార్ట్‌కట్ చూసి నేను నవ్వానండి. నవ్వి తీసి పారేశాను. ఎవరండీ ఆయన?"

ఆవిడ ఒక గుక్క టీ తాగి గ్లాసు ఒళ్ళో పెట్టుకున్నారు.

"మా ఇంటాయన" అన్నారు. "పదో తెప్ప పంపులు ఆయనవే. నేను ఒచ్చిన ఆరో ఏట గాలివానకి ఆ తెప్ప తెగిపోయింది. అందరినీ ముందు ఇటు పంపేసి, ఆయన పంపులు ఆపేసి ఒత్తానన్నారు. ఎక్కడికెళ్ళినా ఆలీసవే ఆయన. పెళ్ళిపీటల మీదకీ ఆలీసంగానే ఒచ్చేరు."

నేను ఆవిడ పక్కన మంచం మీద కూర్చున్నాను.

"నవ్వితే ఏమైందిలే, ఆయనుంటే ఆయనా నవ్వేవోరు. గాలివానొచ్చిందంటే ఈ మిషను ఆయన్ని ఎతుకుద్దమ్మా. మనుషులందరూ మానేసేరు. ఇది మానలేదు. ఇరవై ఏడు లెక్కెట్టేదాకా ఎతికి, లేరని చెప్పి, అప్పుడు మిగతావోళ్ళని ఒదుల్తాది." ఆవిడ గ్లాసు నా చేతికిచ్చారు. "వచ్చే వానకి నాకు చూపొత్తాది. అయినా నువ్వే నొక్కు."

గదికొచ్చి మెనూ తెరిచాను. అరవై మూడు ఫోల్డర్లు, పధ్నాలుగు వందల పన్నెండు షార్ట్‌కట్లు. "కొత్తది" కింద "కొత్తది 2", దాని కింద "అసలు కొత్తది". నేను ఉత్తవి అని పెట్టిన మూడు వందల ఎనభై ఏడు ఇంకా పేర్లు లేకుండా ఉన్నాయి. రేపటి నుంచి ఇంటింటికీ వెళ్ళి, ఆ చోట్లలో ఎవరు ఉండేవారో అడిగి రాస్తాను.